బొట్టు పెట్టి పిలిస్తే

"వదినగారూ, పిల్లకి బీపీ కాస్త ఎక్కువుందన్నారు డాక్టరుగారు. కొంచెం కనిపెట్టుకుని ఉండండి."

మా అమ్మాయి దుర్గాశ్రీని పురిటికి తీసుకొస్తున్నప్పుడు, రామచంద్రపురంలో వాళ్ళ గుమ్మం దగ్గర నిలబడి మా వియ్యపురాలు సూర్యావతిగారు అన్న మాట ఇది. నాకు ఒళ్ళు మండిపోయింది. కన్నతల్లికి చెబుతారా ఈ మాట? "ఆయ్, అలాగేనండీ వదినగారూ, మీరేం బెంగపెట్టుకోకండి" అని నవ్వుమొహంతోనే కారెక్కేను గానీ, యానాం వంతెన దాటేదాకా మా ఆయన చెవిలో పోరుతూనే ఉన్నాను.

"చూసేరా ఆవిడ పెత్తనం! నా కూతుర్ని నేను చూసుకోలేననా? తొలికాన్పు పుట్టింటి హక్కు. నాకు పురుళ్ళు కొత్తా?"

మా ఆయన శివరామకృష్ణగారు రాజోల్లో హైస్కూలు మేష్టారు. ఆయన అలవాటు కొద్దీ "ఊఁ" అన్నారు. వెనక సీట్లోంచి దుర్గాశ్రీ, "అమ్మా, అత్తయ్యగారు మంచికే అన్నారు" అంది. "నువ్వూరుకోవే" అన్నాను.

నా సంగతి మీకు చెప్పాలి. అమలాపురంలో మా వీధే కాదు, చుట్టుపక్కల నాలుగు వీధుల్లో ఎవరింట్లో పేరంటమైనా నేనుండాల్సిందే. పెళ్ళికూతుర్ని చెయ్యాలన్నా, పసుపు కొట్టాలన్నా, మంగళహారతి పాడాలన్నా భవానీదేవిగారు రావాలి. ఈమధ్య కొత్తగా ఇంకోటొచ్చింది. వరలక్ష్మీవ్రతానికి కలశానికి చీర కట్టి, నగలు పెట్టి, అచ్చం అమ్మవారిలా నిలబెట్టడం. ఇదివరకు కలశం మీద ఓ రవికలగుడ్డ మడిచి పెట్టి దణ్ణం పెట్టుకునేవాళ్ళం. ఇప్పుడు ఫోన్లో వీడియోలు చూసి అందరికీ కుచ్చిళ్ళు కావాలి, పమిట కావాలి, వడ్డాణం కావాలి. ఆ కుచ్చిళ్ళు నా చేతికి వచ్చినట్టు ఇంకెవరికీ రావట. నేను అనే మాట కాదండీ, అందరూ అనే మాట. పైగా ఆ శుక్రవారం పంతులుగార్లు ఎవరికీ దొరకరు కాబట్టి వ్రతకథ కూడా నేనే చదివి పెడతాను. "మీరు చదువుతుంటే అమ్మవారే వచ్చి పీటమీద కూర్చున్నట్టు ఉంటుందండీ" అంటారు. అంతే, నేను మునగచెట్టెక్కేస్తాను. మళ్ళీ ఏడాది కూడా వస్తానని అక్కడే మాటిచ్చేస్తాను.

కాదనడం నాకు చేతకాదు. అసలు బొట్టు పెట్టి పిలిచేక కాదంటే ఎలాగండీ? మా వైపు పేరంటానికి పిలవడమంటే అదే. కుంకుమబరిణె పట్టుకుని ఇంటికొచ్చి, నుదుట బొట్టు పెట్టి, "తప్పకుండా రావాలండీ" అని చెప్పి వెళ్తారు. బొట్టు పెట్టించుకుని వెళ్ళకపోతే ఆ ఇంటి శుభాన్ని కాలదన్నినట్టే. మా అమ్మ ఒక్క పిలుపు తప్పేది కాదు. నేనూ తప్పలేదు. ఒంట్లో జ్వరమున్నా మాత్ర మింగి వెళ్ళేదాన్ని. అది నాకో పెద్ద బిరుదులా ఉండేది.

శ్రావణమాసం వచ్చేసరికి దుర్గాశ్రీకి తొమ్మిదో నెల ప్రవేశించింది. పాదాలు పొంగేయి. దాని చెప్పులు పట్టక వాళ్ళ నాన్న స్లిప్పర్లు వేసుకుని టపటపలాడించుకుంటూ తిరిగేది. "తొమ్మిదో నెల్లో అందరికీ పొంగుతాయే, నాకూ పొంగేయి" అన్నాను. వ్రతం ముందు గురువారం డాక్టరుగారు రమ్మన్నారు.

పొద్దున్నే తయారై కూర్చుంది పిల్ల. "అమ్మా, ఎన్నింటికి వెళ్దాం?"

"ఇవాళెలాగే? ఇందిరాదేవిగారింట్లో అమ్మవారికి చీర కట్టాలి. అక్కణ్ణుంచి లాయరుగారింటికి. ఆ వెనకవీధి వాళ్ళు కూడా కాచుక్కూచున్నారు. అందరికీ మాటిచ్చేసేను. శనివారం వెళ్దాం. రెండ్రోజుల్లో ఏం ములిగిపోతుంది?"

"పోనీ నేనొక్కదాన్నీ ఆటోలో వెళ్ళొస్తాను."

"బానే ఉంది సంబడం! నిండుచూలాలివి, ఒక్కదానివీ ఆసుపత్రి మెట్లెక్కితే చూసినవాళ్ళు నన్నేమంటారు? తల్లి ఉండీ లేనట్టేనా అనరూ? నోరుమూసుకుని పడుకో. శనివారం నేనే తీసికెళ్తాను."

చూసేరా నా బుద్ధి? నేను తీసికెళ్ళను. దాన్ని వెళ్ళనివ్వను. ఎందుకంటే నలుగురూ నన్నేమైనా అంటారు. ఆ మాట ఇప్పుడు తల్చుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. ఆ రోజు మాత్రం హాయిగా సేఫ్టీపిన్నుల డబ్బా సంచీలో వేసుకుని బయల్దేరేను. ఇందిరాదేవిగారి అమ్మవారికి కంచిపట్టు కట్టేను. ఎంత కుదిరిందో! ఫోటో తీసి దుర్గాశ్రీకి పంపేను కూడా. "బావుందమ్మా" అని పెట్టింది.

శుక్రవారం తెల్లారకముందే మా ఇంట్లో పూజ ముగించేసేను. ముగించేననే అనాలి, చేసేననకూడదు. బూరెలు నైవేద్యం పెట్టి, కథ గబగబా చదివేసి, దుర్గాశ్రీ చేతికి తోరం కట్టేను. మా ఆయన రాజోలు వెళ్ళిపోయేరు. నేను పట్టుచీర కుచ్చిళ్ళు సర్దుకుంటుంటే పిల్ల గోడ పట్టుకుని వచ్చింది.

"అమ్మా, తల పగిలిపోతోందే. కళ్ళముందు మెరుపులు మెరిసినట్టు ఉంటోంది."

"రాత్రి నిద్రపట్టి ఉండదు. ఫ్లాస్కులో కాఫీ పోసేను, తాగి పడుకో. మధ్యాహ్నానికల్లా వచ్చేస్తాను."

"వెళ్ళకపోతే కుదరదా?"

"బొట్టు పెట్టి పిలిచేరే!" అన్నాను. అదే పెద్ద సమాధానం అనుకున్నాను.

మెట్లు దిగుతుంటే కింద వాటాలో సుందరి గుమ్మంలో కూర్చుని బీరకాయ చెక్కుతోంది. ఆమె భర్త పోయేడు. టైలరింగు చేసుకుంటుంది. వ్రతాలకీ పేరంటాలకీ ఆమెని ఎవరూ పిలవరు, నేనూ పిలవను. వీధి వీధంతా పట్టుచీరలు కట్టుకుని ఒకరింటికొకరు తిరుగుతున్న రోజు ఇంటిపట్టున ఉన్న ఆడమనిషి ఆమె ఒక్కతే. నా చేతిలో కుంకుమబరిణె ఉంది. చూసీ చూడనట్టు దాటేసేను.

ఇందిరాదేవిగారింట్లో హాలు నిండా ముత్తైదువులే. అందరూ నేను కట్టిన అమ్మవారిని చూసి ఒకటే పొగడ్తలు. కథ మొదలుపెట్టేను. సగంలో ఉండగా ఒళ్ళో ఫోను గుర్రుమంది. దుర్గాశ్రీ. కథ మధ్యలో లేవకూడదు కదా. ఎర్రబొత్తాం నొక్కేను. మళ్ళీ మోగింది. మళ్ళీ నొక్కేను.

"ఏదైనా అవసరమేమో చూసుకోండి భవానీదేవిగారూ, మేం కూర్చుంటాం" అన్నారు ఇందిరాదేవిగారు. అన్నారండీ. ఆవిడ తప్పేం లేదు.

"మా అమ్మాయేనండీ. నెయ్యిగిన్నె ఎక్కడుందో అడగడానికి చేసుంటుంది. మనమే దొరుకుతాం వీళ్ళకి" అన్నాను. అందరూ నవ్వేరు. నేనూ నవ్వేను. మూడోసారి మోగకుండా ఫోను పూర్తిగా ఆపేసి సంచీలో పడేసి, ఎక్కడ ఆపేనో అక్కణ్ణుంచి మళ్ళీ అందుకున్నాను. గొంతు కూడా ఖంగుమని పలికింది.

అప్పుడు నా కూతురు మా వంటింటి గచ్చుమీద పడి ఉంది.

ఆ తర్వాత కూడా నేను ఇంటికి రాలేదు. లాయరుగారింటికి వెళ్ళేను. వెనకవీధికి వెళ్ళేను. కాళ్ళకి పసుపు రాయించుకున్నాను, మెడకి గంధం పూయించుకున్నాను, పాట పాడమంటే పాడేను. సంచీనిండా నానేసిన శనగలూ తమలపాకులూ వేసుకుని, మధ్యాహ్నం దాటేక, కాళ్ళు లాగేస్తున్నాయే తల్లీ అనుకుంటూ వీధి మలుపు తిరిగేను.

ఇంటికి తాళం. ఎదురింటి అరుగుమీంచి గంగాధరరావుగారు లేచి నిలబడ్డారు. పెద్దాయన, నాకు వరసకి బాబయ్యగారు.

"నువ్వాసుపత్రిలో లేవూ?" అన్నారు.

"ఆసుపత్రేంటండీ?"

"అదేంటమ్మా! అమ్మాయి మూర్ఛొచ్చి పడిపోతే చప్పుడు విని ఆ కింద వాటా సుందరి ఆటోలో వేసుకుని వెళ్ళింది కదా పొద్దున్నే. నీకెవరూ చెప్పలేదూ?"

చెప్పడానికి చేసేరు బాబయ్యగారూ, నేనే నొక్కేసేను. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. సంచీలోంచి ఫోను తీసి ఆన్ చేసేను. దుర్గాశ్రీ, దుర్గాశ్రీ, సుందరి, మా ఆయన, సూర్యావతిగారు, మళ్ళీ మా ఆయన. ఒకటే పేర్లు కిందకి కిందకి. శనగల సంచీ ఎక్కడ పడేసేనో తెలీదు. రోడ్డుమీదకి పరిగెత్తేను.

ఆసుపత్రిలో మేడమీద ఆపరేషన్ గది బయట బెంచీమీద ముగ్గురూ ఉన్నారు. మా ఆయన చొక్కా గుండీలు ఒకటి కిందకి ఒకటి పెట్టుకుని ఉన్నారు. స్కూల్లోంచి ఎలా వచ్చేరో ఏమో. సూర్యావతిగారు ముడతలు పడ్డ నేతచీరలో, కళ్ళు మూసుకుని ఏదో జపిస్తున్నారు. కోటిపల్లి రేవులో వరదకి గోదావరి దాటించే పంటు ఆపేసేరట. యానాం చుట్టూ తిరిగి, అయినా నాకంటే ఎంతో ముందొచ్చేరు. సుందరి ఒడిలో మా అమ్మాయి గాజులూ, గొలుసూ, మట్టెలూ చెంగులో మూటకట్టి పట్టుకుని ఉంది. ఆపరేషనుకి తీసేయమన్నారట.

నేను వాళ్ళముందు నిలబడ్డాను. పట్టుచీర, తలనిండా పూలు, మెడనిండా గంధం, కాళ్ళకి పచ్చగా పసుపు. పెళ్ళికొచ్చినట్టున్నాను.

లోపల్నుంచి నర్సు వచ్చింది. "దుర్గాశ్రీ అమ్మగారెవరండీ?" అంటూనే నేరుగా సూర్యావతిగారి వైపు నడిచింది.

"నేనండీ" అన్నాను.

ఆ నర్సు నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "మీరా? మరి పొద్దుట్నుంచీ ఈవిడ...?"

"ఆవిడ అత్తగారండీ" అంది సుందరి మెల్లగా.

తల కొట్టేసినట్టయింది. ఇంకేమంటారు దాన్ని? ఆ వరండాలో ఉన్నవాళ్ళందరూ ఒక్కసారి నావైపు తిరిగేరు. తల్లో పూలు లాగేసి పమిటచాటున దాచేను.

బిడ్డని ఆపరేషన్ చేసి తీసేరు. మగపిల్లాడు. బరువు తక్కువని గాజుపెట్టెలో పెట్టేరు. దుర్గాశ్రీకి ఇంకా తెలివి రాలేదు. ఆటోలో ఇంకోసారి ఫిట్సు వచ్చేయట. నాలుక కరుచుకుంటుంటే సుందరి తన వేళ్ళు అడ్డంపెట్టింది, ఆమె చేతికి కట్టుంది. డాక్టరుగారు బయటికొచ్చేరు. ఆవిడ కోప్పడలేదు. అలసిపోయి ఉన్నారు.

"గురువారం రమ్మన్నాను కదండీ. ఆ రోజు వస్తే బీపీ దొరికిపోయేది. ఎందుకు తీసుకురాలేదు?"

ఏం చెప్పను? చీర కట్టడానికి వెళ్ళేననా? అమ్మవారి బొమ్మకి కుచ్చిళ్ళు పోసి, కడుపుతో ఉన్న నా బిడ్డని ఇంట్లో కూర్చోబెట్టేననా?

"నాకు... నాకు ఒంట్లో బావులేదండీ ఆ రోజు" అన్నాను.

మా ఆయన తలెత్తి నావైపు చూసేరు. కాపురం మొత్తంలో ఆయన నన్ను అలా చూడ్డం అదే మొదలు. సూర్యావతిగారికి అప్పటికే తెలుసు. గురువారమే దుర్గాశ్రీ ఆవిడకి ఫోన్ చేసి, అమ్మకి ఖాళీ లేదు శనివారం వెళ్తాం అని చెప్పిందట. ఆవిడ నోరు విప్పితే నా పరువు అక్కడే గంగలో కలిసేది. ఆవిడ లేచి, "ఔనండీ డాక్టరుగారూ, వదినగారికి ఆ రోజు నలతగా ఉంది. ఇప్పుడు పిల్లకెలా ఉందో చెప్పండి" అన్నారు.

నేను ఎవరిని పెత్తందారు అన్నానో ఆవిడే నా అబద్ధాన్ని తన నెత్తిన వేసుకున్నారు. తిట్టినా బాగుండేది. నాలుగు తిట్టి, వీధిలోకి లాగి ఇదీ దీని సంగతి అని చెప్పినా ఇంత సిగ్గు వేసుండేది కాదు.

దుర్గాశ్రీ మర్నాటికి గానీ కళ్ళు తెరవలేదు. తెరిచేక అందరినీ ఒకళ్ళ తర్వాత ఒకళ్ళని చూసింది. నన్ను చూసి చిన్నగా నవ్వింది. "పూజ బాగా అయ్యిందా అమ్మా?" అంది. ఎత్తిపొడుపు కాదండీ. దానికి ఎత్తిపొడవడం రాదు. నేను వరండాలోకొచ్చి, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చేను. సుందరి వచ్చి పక్కన నిలబడింది. ఆమె కట్టుచెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకోబోతే, "అయ్యో, అదేంటక్కగారూ, ఊరుకోండి" అని చెయ్యి లాగేసుకుంది.

పిల్లాణ్ణి గాజుపెట్టెలోంచి తీసి ఇంటికి పంపే రోజు వచ్చింది. నేను మా ఇంట్లో పడగ్గది కడిగించేను. నవారుమంచం వేయించేను. బాలెంత మందుకని కాయం కొట్టించేను. ఈసారి చూడండి, దాన్ని కాలు కిందపెట్టనిస్తానా అనుకున్నాను. అల్లుడుగారు జనార్దన్ విశాఖపట్నం నుంచి మళ్ళీ సెలవుపెట్టి వచ్చేరు. కారు వచ్చి నిలబడింది.

"అమ్మా, నేను అత్తయ్యగారితో వెళ్తానే" అంది దుర్గాశ్రీ.

"అదేంటే? బాలెంతని పుట్టింటికి కాకుండా అత్తింటికి తీసికెళ్తారా ఎక్కడైనా? నలుగురూ ఏమనుకుంటారు?"

"నువ్వా నలుగురి దగ్గరే ఉండమ్మా, పర్వాలేదు" అంది.

ఎంత నెమ్మదిగా అందంటే, ఆ మాట అర్థం కావడానికి నాకు కారు కదిలేదాకా పట్టింది. సూర్యావతిగారు కిటికీలోంచి, "కాస్త తేరుకున్నాక పంపిస్తాను వదినగారూ" అన్నారు, నన్ను ఓదారుస్తున్నట్టు. మా ఆయనా నేనూ ఖాళీ ఉయ్యాల ఉన్న ఇంటికొచ్చేం. "పిల్లేదండీ?" అని వీధిలో అందరూ అడిగేరు. ఏ మొహం పెట్టుకుని చెప్పను? తలుపేసుకున్నాను.

ఇక అన్నీ మానేద్దామనుకున్నాను. మానేసేను కూడా. ఎవరు పిలవడానికొచ్చినా కూర్చోబెట్టి మొత్తం చెప్పేదాన్ని. మా అమ్మాయికిలా అయ్యిందండీ, ప్రాణంమీదకొచ్చిందండీ, ఇంక నా పిల్ల తర్వాతేనండీ ఏదైనా, అన్నీ వదిలేసుకున్నానండీ. వాళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకుని "ఎంత మనసండీ మీది! తల్లంటే మీరేనండీ" అనేవారు. కొంచెం ఊరటగా ఉండేది. నిజం చెప్పొద్దూ, కొంచెం కాదు, బాగానే ఉండేది. ఈ మధ్యలో రెండుసార్లు రామచంద్రపురం వెళ్ళొచ్చేను. వెళ్ళడం, పిల్లాణ్ణి చూడ్డం, బస్సు వేళవుతోందని లేచి రావడం. ఈ చెప్పుకోడాలకే నాకు పొద్దు చాలేది కాదు.

ఓ రోజు దుర్గాశ్రీ ఫోను చేసింది.

"అమ్మా, నాకోసం అన్నీ మానేసేవటగా. లాయరుగారి కోడలు ఫోన్ చేసి చెప్పింది. మీ అమ్మ త్యాగం ఎవరికీ రాదు అంది."

"మరి మానెయ్యనా? నీకంటే ఎక్కువేంటే నాకు?"

"మానెయ్యి, మానకపో, నీ ఇష్టం. నాకోసం అని మాత్రం ఊళ్ళో చెప్పకే. నాకు సిగ్గుగా ఉంటోంది."

ఫోను పెట్టేసింది. నేను చేసిన పనికి నా కూతురు సిగ్గుపడుతోంది! అంతకుముందు నేను చీరలు కట్టి పొగిడించుకున్నాను. ఇప్పుడు నా పిల్ల ఒంటిమీది కుట్లు చూపించి పొగిడించుకుంటున్నాను. తేడా ఏముంది? ఛీ అనిపించింది. నన్ను చూసి నాకే ఛీ అనిపించింది.

ఆ మర్నాడే ఇందిరాదేవిగారు కుంకుమబరిణెతో వచ్చేరు. వాళ్ళ కోడలికి ఏదో నోము ఉద్యాపనట. బొట్టు పెట్టించుకున్నాను.

"రాలేనండీ" అన్నాను.

"అదేంటండీ? పోనీ ఓ గంట..."

"లేదండీ, రాలేను."

ఎందుకని ఆవిడ మొహం అడుగుతోంది. నా నాలుక దురద దురదగా ఉంది, చెప్పేద్దామని. పళ్ళు బిగబట్టుకున్నాను. ఆవిడ మొహం చిన్నబుచ్చుకుని మెట్లు దిగి వెళ్ళిపోయేరు. ఆకాశం ఊడిపడలేదు. వాళ్ళ ఉద్యాపన నేను లేకపోయినా జరుగుతుంది, సలక్షణంగా జరుగుతుంది. ఇంతేనా? ఈ ఒక్క మాట అనలేకనా నేను ఆ గురువారం నా బిడ్డని ఇంట్లో కట్టిపడేసేను? ఏదో మహా కష్టమైన పని అయ్యుంటే కొంచెమైనా సమాధానపడేదాన్ని. రాలేనండీ అనడం ఇంత తేలిక అని తెలిసేక నాకు మరీ తలెత్తుకోబుద్ధి కాలేదు.

సాయంత్రం సూర్యావతిగారికి ఫోన్ చేసేను. "వదినగారూ, నేనొచ్చి మీ ఇంట్లో కొన్నాళ్ళుండొచ్చాండీ?" అని అడిగేను. పుట్టింటి పురుడు పోగొట్టుకున్న తల్లి, వియ్యపురాలి ఇంట్లో చోటు అడుక్కుంటోంది. మా అమ్మ బతికుంటే ఏమనేదో. "అడగాలాండీ! ఎన్నాళ్ళయినా ఉండండి" అన్నారావిడ. మా ఆయన, "వెళ్ళు, నా అన్నం నేను వండుకుంటాను" అని నా బట్టల సంచీ బస్సుదాకా మోసేరు.

మర్నాడు రామచంద్రపురం చేరేసరికి పొద్దున్న పదయ్యింది. దుర్గాశ్రీ నన్ను చూసి, "రా అమ్మా, ఎలా ఉన్నావు?" అంది. పక్కింటావిడ వస్తే అన్నట్టే అంది. నా సంచీ సూర్యావతిగారు లోపలి గదిలో పెట్టించేరు. ఉండడానికే వచ్చేనని నేను పిల్లతో అనలేదు. అంటే అది మళ్ళీ గొప్ప చెప్పుకున్నట్టే అవుతుందని భయమేసింది. పిల్లాడి గుడ్డలు ఉతికి ఆరేసేను. బాలెంత పథ్యం ఆవిడే వండేరు, నేను వెల్లుల్లి ఒలిచి ఇచ్చేను. మధ్యాహ్నం తల్లీ పిల్లాడూ నిద్రపోయేరు. సూర్యావతిగారు మందులకని బజారుకి వెళ్ళేరు. నేను గది బయట గోడకి చేరగిలబడి కూర్చున్నాను.

పిల్లాడు కెవ్వుమన్నాడు.

"అత్తయ్యగారూ!" అని పిలిచింది లోపల్నుంచి. "అత్తయ్యగారూ, ఒకసారి రండి, లేవలేకపోతున్నాను."

నన్ను కాదు పిలిచింది. లేచి వెళ్ళేను.

మంచంమీద ఓ మోచేతిమీద లేచి, కుట్లు లాగుతుంటే పెదవి కరుచుకుని ఉంది. పిల్లాడు ఏడ్చి ఏడ్చి ఎర్రగా కందిపోయేడు. నన్ను చూసి తెల్లబోయింది.

"నువ్వా? వెళ్ళిపోలేదా అమ్మా?"

కోపంతో అన్నా బాగుండేది. నిజంగా ఆశ్చర్యపోయింది నా తల్లి. నేను ఇంకా ఉంటానని దానికి తోచనే లేదు. కన్న కూతురు అమ్మ కోసం కేక వెయ్యడం కూడా మానేసింది, వేసి లాభం లేదని.

"లేదే, ఉన్నాను" అన్నాను.

పిల్లాణ్ణి ఎత్తి ఇవ్వబోయి ఆగింది. నన్ను ఇబ్బంది పెడుతున్నానేమో అన్నట్టు, మొహమాటంగా అడిగింది.

"అత్తయ్యగారొచ్చేదాకా ఉండగలవా మరి? నీకేం పని లేకపోతేనే."

"ఉంటానమ్మా" అన్నాను. ఇంకొక్క మాట మాట్లాడితే ఏడుపొచ్చేస్తుందని చేతులు చాచేను.

పిల్లాణ్ణి నా చేతుల్లో పెట్టింది. పెట్టి, అత్తగారు వస్తున్నారేమోనని గుమ్మం వైపు చూస్తూ ఉండిపోయింది.